మధ్యయుగపు పునీతులు, వాళ్ల పండుగ తేదీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా నవంబరులో మా విచారణ (చర్చి పారిష్) గోడ క్యాలెండర్ ప్రూఫులు నా చేతికొస్తాయి. తేదీల కింద చిన్న అక్షరాల్లో ఉండే పునీతుల (సెయింట్ల) పేర్లు సరిచూడడం నా వంతు. జనవరిలో క్యాలెండర్ గోడకెక్కుతుంది, ఫోన్లు మొదలవుతాయి. అడిగేవాళ్లు మారతారు కానీ ప్రశ్నలు మారవు. వాటిలో ఎక్కువ భాగం మధ్యయుగపు పునీతుల గురించే. అంటే సుమారు 6వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా యూరప్‌లో బతికినవాళ్లు, లేదా అంతకుముందు బతికినా ఆ రోజుల్లో పేరు మార్మోగినవాళ్లు. ప్రతిసారీ ఫోన్‌లో చెప్పలేక ఇలా రాసిపెట్టాను. కావలసిన ప్రశ్న దగ్గరకి నేరుగా వెళ్లిపోవచ్చు. వేరుగా చెప్పనిచోట తేదీలన్నీ ఇప్పటి రోమన్ క్యాథలిక్ సాధారణ క్యాలెండర్‌వి.

## క్యాలెండర్ చూడగానే వచ్చే సందేహాలు

పండుగ తేదీ అంటే ఆ పునీతుడి పుట్టినరోజేనా?

కాదు, మామూలుగా చనిపోయిన రోజు. భూమ్మీద మరణం పరలోకంలో పుట్టుక అని లెక్క. అందుకే పాత లాటిన్ పట్టికల్లో చనిపోయిన రోజునే 'పుట్టినరోజు' అని రాశారు. అది చదివి పొరబడ్డవాళ్లు చాలామంది. మనకిది మరీ కొత్త పద్ధతేం కాదు. తిరువయ్యూరులో త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమినాడు జరిగేది ఆయన పుట్టిన తిథి అని కాదు, సిద్ధి పొందిన తిథి అని. సాధారణ క్యాలెండర్‌లో జన్మదినం చేసేది ముగ్గురికే: డిసెంబరు 25న యేసుకి, సెప్టెంబరు 8న మరియమాతకి, జూన్ 24న బాప్తిస్త యోహానుకి.

చనిపోయిన తేదీ స్పష్టంగా తెలిసినా వేరే రోజు పండుగ ఎందుకు చేస్తారు?

ఆ రోజు ఖాళీ లేక. దొమినికన్ సభ స్థాపించిన దొమినిక్ సంగతి చూడండి. ఆయన 1221 ఆగస్టు 6న బొలోన్యాలో చనిపోయారు. ఆగస్టు 6 ప్రభువు దివ్యరూపధారణ పండుగ. సరే, ఒకరోజు ముందుకు జరిపి 5న చేశారు. 5న మంచు మాత పండుగ స్థిరపడ్డాక 4కి జరిపారు. శతాబ్దాలపాటు 4నే నడిచింది. 1859లో సరిగ్గా ఆగస్టు 4న జాన్ వియాన్నీ చనిపోయారు. 1969లో రోమ్ క్యాలెండర్ సవరించినప్పుడు ఆయనకి 4 ఇచ్చి, దొమినిక్‌ని 8కి పంపారు. ఒక మనిషికి నాలుగు తేదీలు, చనిపోయింది మాత్రం ఒక్కసారే. మీ అమ్మమ్మ జపాల పుస్తకంలో 4 అని, మా క్యాలెండర్‌లో 8 అని ఉంటే రెండూ అచ్చుతప్పులు కావు.

ఖాళీ ఒక్కటే కారణం కాదు. ఫ్రాన్స్‌లో తూర్ బిషప్ మార్టిన్‌కి 397 నవంబరు 8న ప్రాణం పోయింది, ఖననం 11న. పండుగ ఖననం రోజున. మహా గ్రెగోరీకి ఇప్పుడు చేసేది 590లో ఆయన పోపుగా అభిషేకం పొందిన సెప్టెంబరు 3. వేదాంత పండితుడు థామస్ అక్వినాస్‌కి చేసేది ఆయన ఎముకలు ఫ్రాన్స్‌లోని తులూజ్ చేరిన రోజు.

అస్సీసి ఫ్రాన్సిస్ అక్టోబరు 3న చనిపోయారని చదివాను. మరి పండుగ 4న ఏంటి?

1226 అక్టోబరు 3 పొద్దుగూకాక చనిపోయారు. ప్రార్థనల లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి అప్పటికే 4 వచ్చేసినట్టు. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, గడియారంలో అర్ధరాత్రితో. ఏ లెక్కతో చూస్తే ఆ తేదీ.

ఒకే తేదీకి ఇద్దరు ముగ్గురి పేర్లు ఉంటాయి. అసలు పండుగ ఎవరిది?

వరసలో పై మెట్టు మహోత్సవం, తర్వాత పండుగ, ఆ తర్వాత స్మరణ, చివర్న ఐచ్ఛిక స్మరణ. పై మెట్టువాళ్లు వస్తే కింది మెట్టువాళ్లు ఆ ఏటికి ఆగుతారు. రోజుకి ఒకరే పునీతుడనుకోవడమే అసలు పొరపాటు. రోమన్ మార్టిరాలజీ అనే పెద్ద చిట్టాలో దాదాపు ప్రతి తేదీకి చాంతాడంత జాబితా ఉంటుంది. గోడ క్యాలెండర్ గడిలో పట్టేది ఒకటో రెండో పేర్లు.

## ఒకే పేరు, వేరే మనుషులు

మంగళవారం ప్రార్థనలు చేసే అంతోని, జనవరిలో వచ్చే అంతోని ఒకరేనా?

నాకు అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న ఇదే. ఒకరు కాదు. ఇద్దరి మధ్య దాదాపు తొమ్మిది వందల ఏళ్ల దూరం ఉంది.

జనవరి 17 అంతోని ఈజిప్టు ఎడారి ముని, 356లో చనిపోయారు. తెల్లటి గడ్డం, టీ అక్షరం ఆకారంలో ఊతకర్ర, ఒక గంట, కాళ్ల దగ్గర పంది. ఆ పంది మధ్యయుగంలో చేరింది. ఆయన పేరుతో 11వ శతాబ్దం చివర్లో ఫ్రాన్స్‌లో మొదలైన వైద్య సోదరుల సంఘం పందులు పెంచేది. మెడలో గంట కట్టిన ఆ పందులు ఊళ్లో ఎక్కడైనా తిరగొచ్చు. ఒళ్లు మండిపోయే ఒక జబ్బుకి, బూజుపట్టిన రై ధాన్యం తినడంవల్ల వచ్చేది, వాళ్లు వైద్యం చేసేవారు. అందుకే దానికి 'అంతోని మంట' అని పేరు.

జూన్ 13 అంతోని పోర్చుగల్‌లోని లిస్బన్‌లో పుట్టారు. మొదటి పేరు ఫెర్నాండో. ఫ్రాన్సిస్కన్ మఠంలో చేరినప్పుడు అంతోని అని పెట్టుకున్నారు, అదీ ఎడారి అంతోని గౌరవార్థం. 1231 జూన్ 13 శుక్రవారం పదువా దగ్గర చనిపోయారు, 17 మంగళవారం ఖననం చేశారు. మంగళవారం ఆనవాయితీ అక్కడి నుంచి వచ్చింది. ఏడాది తిరక్కముందే, 1232 మే 30న, పునీతుడిగా ప్రకటించారు. చేతుల్లో బాలయేసు, లిల్లీ పూలు ఉంటే ఈయనే.

కొన్నేళ్ల కిందట ఒక దుకాణం పంచిన క్యాలెండర్‌లో జనవరి 17 గడిలో బాలయేసుని ఎత్తుకున్న అంతోని బొమ్మ వేశారు. అగ్గిపెట్టెంత బొమ్మ. ఆ ఉదయం ఒక పెద్దాయన చేతిలో కొవ్వొత్తుల కట్టతో గుడికి వచ్చి, జనం లేరేంటని గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆయనకి సర్దిచెప్పేసరికి నాకు అరగంట పట్టింది.

మా నాన్న పేరు ఫ్రాన్సిస్, తాతయ్య పేరు శౌరి. ఇద్దరికీ ఒకే పండుగా?

తాతయ్యది తేలిక. శౌరి అంటే జేవియర్, మన తెలుగు నోట్లో అలా మారింది. శౌరయ్య, శౌరమ్మ, బాలశౌరి, అందరికీ డిసెంబరు 3. ఫ్రాన్సిస్ జేవియర్ 1552లో చైనా తీరాన చనిపోయిన రోజది. నాన్నగారి విషయంలో మాత్రం ఇంట్లో కనుక్కోవాలి. అస్సీసి ఫ్రాన్సిస్ది అక్టోబరు 4, పావొలా ఫ్రాన్సిస్ది ఏప్రిల్ 2, ఫ్రాన్సిస్ డి సేల్స్‌ది జనవరి 24. జ్ఞానస్నానం (బాప్తిస్మం) పుస్తకంలో పుట్టిన తేదీ చూడండి. డిసెంబరు మొదటి వారం అయితే బహుశా జేవియరే. తమాషా ఏంటంటే, అస్సీసి ఫ్రాన్సిస్‌కి జ్ఞానస్నానంలో పెట్టిన పేరు జొవాన్ని, అంటే యోహాను.

కొంగులో రొట్టెలు గులాబీలైన ఎలిజబెత్ హంగరీ ఆమెనా, పోర్చుగల్ ఆమెనా?

కథ ఇద్దరికీ చెబుతారు, అందుకే ఈ తికమక. ఇద్దరూ రాచకుటుంబంవాళ్లే, పైగా చుట్టాలు. హంగరీ ఎలిజబెత్ జర్మనీలో తురింగియా ప్రభువు భార్య. భర్త క్రూసేడుకి వెళ్తూ దారిలో చనిపోయాక మార్బుర్గ్‌లో ఆసుపత్రి పెట్టి రోగులకి సేవ చేసింది. 24 ఏళ్లకే, 1231 నవంబరు 17న కన్నుమూసింది. పోర్చుగల్ రాణి ఎలిజబెత్ ఈమె చెల్లెలి మనవరాలు, ఆ పెద్దామె పేరే పెట్టారు. 1336 జూలై 4న చనిపోయింది. పేరుతోపాటు గులాబీల కథ కూడా వారసత్వంగా వచ్చిందని నా అనుమానం.

తేదీలూ తిప్పలే. హంగరీ ఎలిజబెత్‌కి పాత క్యాలెండర్లలో నవంబరు 19, అది ఖననం రోజు. ఇప్పుడు 17. జర్మన్లు మాత్రం 19నే చేస్తారు. పోర్చుగల్ ఎలిజబెత్‌కి అప్పట్లో జూలై 8, ఇప్పుడు 4. అమెరికాలో 4 స్వాతంత్ర్య దినం కాబట్టి అక్కడ 5న. మీ అమ్మాయి అమెరికా నుంచి ఫోన్ చేసి "అమ్మా, రేపు కదా" అంటే ఆమె చెప్పిందీ నిజమే.

థామస్ అనే పేరుకి ఏ తేదీ?

మన మైలాపూరుతో ముడిపడ్డ అపోస్తలుడు తోమాకి జూలై 3. పాతది డిసెంబరు 21. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌కి డిసెంబరు 29. 1170లో ఆ సాయంత్రం సొంత కేథడ్రల్‌లోనే నలుగురు నైట్లు కత్తులతో చంపారు. థామస్ అక్వినాస్‌కి జనవరి 28, పాతది మార్చి 7. పుస్తకాలు, కలం బొమ్మలో ఉంటే అక్వినాస్. తలమీద కత్తి దిగి ఉంటే బెకెట్.

సెయింట్ బెర్నార్డ్ కుక్కలు ఏ బెర్నార్డ్‌వి?

ఆల్ప్స్ కనుమ దగ్గర 11వ శతాబ్దంలో బాటసారుల సత్రం కట్టిన మెంతోన్ బెర్నార్డ్‌వి. ఆగస్టు 20న క్యాలెండర్‌లో కనిపించేది వేరే ఆయన, క్లేర్వో మఠాధిపతి, 1153లో చనిపోయిన గొప్ప బోధకుడు. మే 20న వచ్చే సియెన్నా బెర్నార్డిన్ ఇంకో ఆయన, 1444. ఇద్దరికీ 20వ తేదీ రావడంతో ప్రూఫుల్లో ఒకసారి నేనే తారుమారు చేశాను.

క్యాథరిన్ చక్రంతో ఉంటుందా, లిల్లీతో ఉంటుందా?

చక్రం అలెగ్జాండ్రియా క్యాథరిన్‌ది, నవంబరు 25. 1969లో సాధారణ క్యాలెండర్ నుంచి తీసేసి 2002లో మళ్లీ చేర్చారు. లిల్లీ, ముళ్ల కిరీటం సియెన్నా క్యాథరిన్‌వి. ఆమె 1380 ఏప్రిల్ 29న చనిపోయింది. ఆ తేదీ వెరోనా పీటర్ అనే వేదసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు) చేతిలో ఉండటంతో చాలాకాలం 30న చేశారు. 1969 నుంచి ఆమెకి సొంత రోజు దక్కింది.

అగస్టీన్ మే నెలలోనా, ఆగస్టులోనా?

ఆగస్టు 28 హిప్పో అగస్టీన్, ఉత్తర ఆఫ్రికా పీఠాధిపతి, 430లో చనిపోయారు. మే 27 కాంటర్‌బరీ అగస్టీన్, 597లో పోపు పంపగా ఇంగ్లండ్ వెళ్లినవారు.

## ఒకరా, ఇద్దరా, ముగ్గురా?

పారిస్ డెనిస్, బైబిల్లో పౌలు మాట విని మారిన దియొనీసియు ఒకరేనా?

దాదాపు ఏడు వందల ఏళ్లు యూరప్ అలాగే నమ్మింది. నిజానికి ముగ్గురు. మొదటాయన ఏథెన్సులో పౌలు బోధ విన్న దియొనీసియు, 1వ శతాబ్దం. రెండో ఆయన పారిస్ మొదటి బిషప్, 3వ శతాబ్దంలో తల నరికించుకున్న వేదసాక్షి, తన తల తానే పట్టుకుని నడిచే బొమ్మ ఈయనదే. మూడో ఆయన సుమారు 500 ప్రాంతంలో మొదటాయన పేరు పెట్టుకుని గ్రీకులో ఆధ్యాత్మిక గ్రంథాలు రాసిన అజ్ఞాత రచయిత.

9వ శతాబ్దంలో పారిస్ పక్కనున్న సెయింట్ డెనిస్ మఠాధిపతి హిల్దుయిన్ ముగ్గుర్నీ కలిపి ఒకే జీవితచరిత్ర రాశాడు. దాంతో మఠం పరువు ఎక్కడికో పోయింది: తమ పునీతుడు పౌలు శిష్యుడు, మహా గ్రంథకర్త, ఫ్రాన్స్ వేదసాక్షి, అన్నీ ఒక్కరే! 12వ శతాబ్దంలో అదే మఠంలో ఉన్న పండితుడు అబెలార్ "ఇది కుదరదేమో" అన్నందుకు తోటివాళ్లు మండిపడ్డారు. చివరికి అక్కడి నుంచి పారిపోవాల్సి వచ్చింది. ఇప్పుడు పారిస్ డెనిస్‌కి అక్టోబరు 9, ఏథెన్సు ఆయనకి అక్టోబరు 3.

మగ్దలా మరియ పాపాత్మురాలని చిన్నప్పుడు చెప్పారు, ఇప్పుడు కాదంటున్నారు. ఏది నిజం?

సువార్తల్లో ఆమె గురించి అలా ఎక్కడా లేదు. 6వ శతాబ్దం చివర్లో మహా గ్రెగోరీ ఒక ప్రసంగంలో ముగ్గురు స్త్రీలని ఒకరిగా చెప్పారు: మగ్దలా మరియ, బేతనియ మరియ, యేసు పాదాలు కన్నీళ్లతో కడిగిన పేరులేని స్త్రీ. పడమటి దేశాలు దాన్నే పట్టుకున్నాయి. తూర్పు సంఘాలు ఎప్పుడూ కలపలేదు. 1969లో జూలై 22 పూజ పాఠాలు మార్చి ఆమెను విడదీశారు. 2016లో ఆ రోజుని స్మరణ నుంచి పండుగ స్థాయికి పెంచారు. బేతనియ మరియకి 2021 నుంచి అక్క మార్త, తమ్ముడు లాజరుతో కలిపి జూలై 29.

నెపోముక్ యోహాను 1383లో చనిపోయారా, 1393లోనా?

1393 మార్చి 20. బొహేమియా రాజు నాలుగో వెన్సెస్లాస్ ప్రాగ్‌లో వంతెన మీదనుంచి వల్తావా నదిలో పడేయించాడు. 16వ శతాబ్దపు ఒక చరిత్రకారుడు వేర్వేరు చోట్ల వేర్వేరు తేదీలు చూసి, ఇద్దరు యోహానులు పదేళ్ల తేడాతో ఒకే నదిలో పడ్డారని రాసేశాడు. రాణి పాపసంకీర్తనం (గురువుకి రహస్యంగా చెప్పుకున్న పాపాలు) బయటపెట్టనివాడు ఒకడు, మఠాధిపతి నియామకంలో రాజుకి ఎదురు తిరిగినవాడు ఇంకొకడు అని. 1729లో పునీత ప్రకటన కూడా 1383 కథ మీదే సాగింది. పండుగ మే 16 కావడం ఆ పాత కథ వల్లే.

గెర్త్రూద్ బొమ్మలో మఠాధిపతి దండం ఎందుకుంది? ఆమె మామూలు మఠకన్య కదా?

నిజమే, నవంబరు 16 నాటి హెల్ఫ్టా గెర్త్రూద్ ఎప్పుడూ మఠాధిపతి కాదు. అదే మఠంలో, అదే కాలంలో మఠాధిపతిగా ఉన్నావిడ పేరూ గెర్త్రూదే. చిత్రకారులు పెద్దావిడ దండం తెచ్చి చిన్నావిడ చేతిలో పెట్టారు.

## అసలు ఉన్నారా?

బుద్ధుడు క్రైస్తవ పునీతుల జాబితాలో ఉన్నాడని విన్నాను. ఎవరైనా అల్లిన కథేనా?

అల్లింది కాదు. రోమన్ మార్టిరాలజీలో నవంబరు 27న, పర్షియా పొరుగున ఉన్న ఇండియాలో బర్లాం, యోసఫత్ అనే పునీతులున్నారని రాసి ఉండేది. యోసఫత్ ఒక రాజకుమారుడు. కొడుకు సన్యాసి అవుతాడని జ్యోతిష్యులు చెబితే తండ్రి అతన్ని మహల్లో దాచి పెంచుతాడు. బయటికెళ్లిన రోజున రోగిని, గుడ్డివాణ్ని, ముసలివాణ్ని చూస్తాడు. చావు గురించి తెలుసుకుంటాడు. రాజ్యం వదిలి వెళ్లిపోతాడు. ఈ కథ తెలుగువాళ్లకి వేరే చెప్పాలా? అమరావతి స్తూపం పలకల మీద సిద్ధార్థుడు గుర్రమెక్కి రాత్రివేళ నగరం దాటే దృశ్యం చెక్కి ఉంది. ఆ రాకుమారుడే ఇతను.

పేరు ప్రయాణం చూడండి. బోధిసత్వుడు మధ్య ఆసియా, పర్షియాల మీదుగా అరబ్బీలో 'బూదాసఫ్' అయ్యాడు. అరబ్బీలో 'బ'కీ 'య'కీ చుక్కల్లోనే తేడా. ఒక చుక్క ఎక్కువై 'యూదాసఫ్'. జార్జియన్ భాషలో కథ క్రైస్తవమైంది, గ్రీకులో 'యోఅసఫ్', లాటిన్‌లో 'యోసఫత్'. 1571లో వెనిస్ పాలకుడు పోర్చుగల్ రాజు సెబాస్టియన్‌కి ఈ యోసఫత్ ఎముక అని చెప్పి ఒక అవశేషాన్ని కానుకగా ఇచ్చాడు కూడా. గోవాలో పనిచేసిన పోర్చుగీసు చరిత్రకారుడు దియోగో దో కూతో 17వ శతాబ్దం మొదట్లోనే పోలిక గమనించాడు. పండితులు గట్టిగా తేల్చింది 19వ శతాబ్దంలో. ఇప్పటి మార్టిరాలజీలో ఈ పేర్లు లేవు. నవంబరు 12న కనిపించే యోసఫత్ పూర్తిగా వేరే మనిషి, 1623లో హతుడైన బిషప్.

కుక్కని పునీతుడిగా కొలిచారట, నిజమా?

నిజం. 13వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో లియోన్ దగ్గరి పల్లెల్లో తల్లులు జబ్బు పిల్లల్ని గినెఫోర్ అనే 'వేదసాక్షి' సమాధికి తీసుకెళ్లేవారు. బూర్బోన్ స్తెఫాను అనే దొమినికన్ గురువు ఆరా తీస్తే అదొక వేటకుక్క. ఉయ్యాలలోని బిడ్డ మీదికొచ్చిన పామును చంపింది, మూతికి నెత్తురు చూసి యజమాని దాన్నే నరికాడు. మన పంచతంత్రంలో ముంగిస కథ అచ్చంగా ఇదే. ఆయన కుక్క ఎముకలు తవ్వించి, తోపుతో సహా కాల్పించాడు. అయినా తల్లులు ఆ అడవికి వెళ్లడం 19వ శతాబ్దం దాకా ఆగలేదు. ఇటలీలోని పావియాలో గినెఫోర్ అనే మనిషి పునీతుడూ ఉన్నాడు కాబట్టి పేరు వినగానే ఎవరికీ అనుమానం రాదు. చర్చి మాత్రం కుక్కని ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఉర్సులతో పాటు 11,000 మంది కన్యలా? అంతమందా?

ఉర్సుల, ఆమె వెంట ఉన్న కన్యలు జర్మనీలోని కొలోన్‌లో చంపబడ్డారని కథ. కొలోన్‌లో కొందరు కన్యలు వేదసాక్షులైనట్టు పాత శిలాశాసనం ఉంది, సంఖ్య లేదు. పదకొండుకి రోమన్ అంకె పక్కన వేదసాక్షులకి గుర్తుగా రాసిన ఎం అక్షరాన్ని వెయ్యి అని చదివి ఉంటారని ఎక్కువమంది చెప్పే వివరణ. 1106లో ఊరి గోడ పనుల్లో పాత రోమన్ శ్మశానం బయటపడి ఎముకలు కుప్పలుగా దొరకడంతో లెక్క సరిపోయిందనుకున్నారు. వాటిలో మగవాళ్లవీ, పసిపిల్లలవీ ఉన్నా సరే.

వాలెంటైన్, క్రిస్టఫర్‌లను చర్చి పునీతుల లిస్టులోంచి తీసేసిందట కదా?

ఫార్వర్డ్ మెసేజ్‌లు నమ్మి టెన్షన్ పడకండి. 1969లో ఆరవ పౌలు పోపు తీసింది సాధారణ క్యాలెండర్ లోంచి, పునీతుల చిట్టాలోంచి కాదు. ప్రపంచమంతా ఒకే రోజు చేయాల్సిన స్మరణలు తగ్గించి, మిగతావాళ్లని ఆయా ప్రాంతాలకి వదిలేశారు. వాలెంటైన్ ఫిబ్రవరి 14న, క్రిస్టఫర్ జూలై 25న మార్టిరాలజీలో ఇప్పటికీ ఉన్నారు. కారులో క్రిస్టఫర్ బిళ్ల ఉంచుకోవచ్చు. వాలెంటైన్‌తో చిక్కేంటంటే, రోమ్ గురువు ఒకరు, తెర్ని బిషప్ ఒకరు, ఇద్దరి పేరుతోనూ అదే తేదీ. ఫిబ్రవరి 14న ఇప్పుడు క్యాలెండర్‌లో ఉండేది స్లావులకి సువార్త చెప్పిన సిరిల్, మెథోడియస్ సోదరులు. సిరిల్ 869లో ఆ తేదీన రోమ్‌లో చనిపోయారు.

చక్రవర్తి చార్లమాన్ కూడా పునీతుడేనా?

సగం సగం. 1165లో ఫ్రెడరిక్ బార్బరోస్సా పట్టుబట్టి, తన పక్షాన నిలిచిన పోటీ పోపు చేత ప్రకటింపజేశాడు. రోమ్ దాన్ని అధికారికంగా ఖాయపరచలేదు, ఆకెన్ నగరంలో జనవరి 28 వేడుకని ఆపనూ లేదు.

## తేదీ మారినప్పుడు

1969లో మార్చి పండుగలన్నీ ఎందుకు మాయమయ్యాయి?

మార్చి దాదాపు మొత్తం తపస్సుకాలంలో, అంటే ఈస్టరుకి ముందు వచ్చే ఉపవాస దినాల్లో, పడుతుంది. ఆ రోజుల్లో స్మరణలు తగ్గించాలని నిర్ణయించి పెద్దవాళ్లని బయటికి జరిపారు. మార్చి 7 అక్వినాస్ జనవరి 28కి, మార్చి 12 గ్రెగోరీ సెప్టెంబరు 3కి, మార్చి 21 బెనెడిక్ట్ జూలై 11కి వెళ్లారు. బెనెడిక్టీన్ మఠాలు మాత్రం 21ని వదల్లేదు. పునీత జోజప్పగారి మార్చి 19, పాట్రిక్ మార్చి 17 అలాగే ఉన్నాయి. 2008లో 17 పవిత్రవారంలో పడితే ఐర్లండ్ బిషప్పులు పాట్రిక్ పూజని 15కి జరిపారు. ఊరేగింపులు మటుకు 17నే జరిగాయి.

తెరేసా 1582 అక్టోబరు 4న చనిపోయి మర్నాడే ఖననమైతే, ఆ తేదీ 15 ఎలా అయింది?

ఆ రాత్రే క్యాలెండర్ మారింది. పదమూడో గ్రెగోరీ పోపు సవరణ ప్రకారం స్పెయిన్, ఇటలీ వంటి దేశాల్లో 1582 అక్టోబరు 4 తర్వాత రోజు అక్టోబరు 15. మధ్యలో పది తేదీలు ఎగిరిపోయాయి. అవిలా తెరేసా మధ్యయుగం మనిషి కాకపోయినా, ఆ కాలపు క్యాలెండర్ ముగిసిన రాత్రే పోయారు. 4 అస్సీసి ఫ్రాన్సిస్ది కాబట్టి ఆమె పండుగ 15న.

రష్యన్ స్నేహితుడు నికొలాస్ పండుగ డిసెంబరు 19 అంటాడు. మనకి 6 కదా?

ఇద్దరిదీ డిసెంబరు 6నే. రష్యన్ ఆర్థడాక్స్ సంఘం పాత జూలియన్ క్యాలెండర్ వాడుతుంది. ఇప్పుడు అది 13 రోజులు వెనక ఉంది. ఇది చూసి మధ్యయుగపు తేదీలన్నిటికీ 13 కలపకండి. 13వ శతాబ్దంలో తేడా 7 రోజులే. పైగా పండుగలకి ఎవరూ అలా మార్చి లెక్కవేయరు. జోన్ ఆఫ్ ఆర్క్‌ని కాల్చింది జూలియన్ లెక్కలో 1431 మే 30, పండుగ ఇప్పటి మే 30.

## పాత కాగితాలు చదివేటప్పుడు

పరిశోధన కోసం చదువుతున్నాను. "మార్టిన్ పండుగ తర్వాతి శుక్రవారం, 1415" అంటే ఏ తేదీ?

మార్టిన్ పండుగ నవంబరు 11. 1415లో అది సోమవారం. కాబట్టి నవంబరు 15. అయితే ముందు ఏ మార్టిన్ పండుగో చూసుకోండి, వేసవిలో జూలై 4న ఇంకోటుంది. ఇంగ్లండ్ కాగితాల్లో "థామస్ పండుగ" అని ఊరికే ఉంటే మరీ ప్రమాదం. అపోస్తలుడైతే డిసెంబరు 21, బెకెట్ అయితే 29, బెకెట్ అవశేషాలు మార్చిన పండుగైతే జూలై 7.

బెకెట్ హత్య కొన్ని చోట్ల 1171 అని ఉంది. తప్పా?

రాసినాయన లెక్కలో కొత్త సంవత్సరం క్రిస్మస్‌తో మొదలైంది. అప్పుడు డిసెంబరు 29 నాటికి 1171 వచ్చేసినట్టే. మార్చి 25న ఉగాది చేసుకున్నట్టు ఏడాది మార్చేవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండ్‌లో జనవరి 1 అధికారికమైంది 1752లో.

మత్తీయ పండుగ ఫిబ్రవరి 24, 25 రెండూ కనిపిస్తున్నాయి?

లీపు సంవత్సరంలో 25. రోమన్లు అదనపు రోజుని నెల చివర కాక 24 దగ్గర చొప్పించి, ఆ రోజుని రెండుసార్లు లెక్కపెట్టేవారు. మనకి అధిక చైత్రం, నిజ చైత్రం ఉన్నట్టు అనుకోండి. పండుగ 'నిజ' రోజున. ఇప్పుడు మత్తీయకి మే 14.

## పేరు పెట్టేటప్పుడు

పాపకి బ్రిజిత అని పెట్టాం. నామకరణ పండుగ ఏ రోజు చేయాలి?

ఐర్లండ్ బ్రిజిత అయితే ఫిబ్రవరి 1, 6వ శతాబ్దంలో చనిపోయిన మఠాధిపతి. స్వీడన్ బ్రిజిత అయితే జూలై 23, ఎనిమిది మంది పిల్లల తల్లి, 1373లో రోమ్‌లో చనిపోయింది. ఈమెకి పాత పుస్తకాల్లో అక్టోబరు 8. ఇద్దరిలో ఎవర్ని తలుచుకుని పెట్టారో మీరే చెప్పాలి. ఎవరూ మనసులో లేకపోతే పాప పుట్టినరోజుకి దగ్గర్లో ఉన్న తేదీ తీసుకోండి. జ్ఞానస్నానం పుస్తకంలో పేరు పక్కన 'స్వీడన్' అనో 'ఐర్లండ్' అనో రాయించుకోండి.

మా నాయనమ్మ పేరు క్లారమ్మ. ఆమె ఉన్నన్నాళ్లూ ఆగస్టు 12న చేసేది. మీ క్యాలెండర్‌లో 11 ఉంది. ఇప్పుడు మేం ఏ రోజు పూజ చెప్పించాలి?

అస్సీసి క్లార 1253 ఆగస్టు 11న చనిపోయింది. 1969 దాకా పండుగ 12, ఆ తర్వాత 11. నాయనమ్మగారు చేసింది అప్పటి క్యాలెండర్ ప్రకారం. మీరు 11న చెప్పించండి. 12 ఆదివారం కాకపోతే ఆ ఉదయం పూజలో నాయనమ్మ పేరు మీద ఇంకో ప్రార్థన ఉద్దేశం రాయించవచ్చు. మా ఊళ్లో ఇద్దరు ముగ్గురు అలాగే చేస్తున్నారు.